కోన్ల సందుల్లో కారు

ఆటోక్రాస్‌లో కార్లు పక్కపక్కన నిలబడి పందెం వేసుకోవు. ఒక్కో కారు విడిగా గడియారంతో పోటీపడుతుంది. పాత విమానాశ్రయం రన్‌వే మీదో, స్టేడియం పార్కింగులోనో రబ్బరు కోన్లు నిలబెట్టి మెలికల దారి గీస్తారు. కారు ఆ దారిని సుమారు ఒక నిమిషంలో, చాలాచోట్ల ఒక్క రెండో గేరులోనే, ముగిస్తుంది. కోను పడిపోతే రెండు సెకన్లు అదనం. దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. వేగం హైవే మీద కార్లు వెళ్లే వేగాన్ని దాటదు కాబట్టి ఇంజిన్ గుర్రపుబలం ఇక్కడ సగం పనే చేస్తుంది. మిగతా సగం టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టుది. ఆ పట్టును కాపాడే సస్పెన్షన్‌ను సరిచేసుకోవడమే ఈ ఆటలో అసలు విద్య.

ఈ రూపంలో ఆటోక్రాస్ అమెరికాలో ఎదిగింది. 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1973 నుంచి దీనికి జాతీయ పోటీలు నడుపుతోంది. 2009 నుంచి అవి నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో, ఒకప్పటి వైమానిక స్థావరం కాంక్రీటు మీద జరుగుతున్నాయి. వెయ్యిమందికి పైగా డ్రైవర్లు వస్తారు. ఇంగ్లండులో ఆటోక్రాస్ అంటే గడ్డి మీదో మట్టి మీదో పరుగు. మన దేశంలోనూ మోటారు క్రీడల సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఆధ్వర్యంలో జరిగే ఆటోక్రాస్‌లో మట్టి ట్రాకులు మామూలే. మట్టికి మెత్తటి స్ప్రింగులు, చక్రం పైకీ కిందికీ ఎక్కువ ఆడే వీలు కావాలి. గట్టినేల లెక్క పూర్తిగా వేరు.

ఆ లెక్క అర్థం కావడానికి మజ్దా ఎంఎక్స్-5 కంటే తేలికైన ఉదాహరణ లేదు. మజ్దా పేరు తెలుగువారికి స్వరాజ్ మజ్దా వ్యాన్ల వల్లే ఎక్కువ తెలుసు. అమెరికన్లకు మాత్రం ఆ పేరు చెబితే మియాటా అనే ఈ రెండు సీట్ల చిన్నకారు గుర్తొస్తుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించింది. 1.6 లీటర్ల ఇంజిన్ ముందు, అది తిప్పే చక్రాలు వెనక, బరువు టన్నులోపే. ఆ బరువు ముందు వెనకలకు దాదాపు సమానంగా పంచి ఉంటుంది. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి కిందొకటి రెండు చేతులు పట్టుకుని ఉంటాయి. పాతికేళ్లు దాటిన ఆ కార్లు ఇప్పటికీ కోన్ల మధ్య తిరుగుతూనే ఉన్నాయి.

పక్కకు పోయే బరువు

మలుపులో కారు బరువు లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందో చిన్న గుణకారంతో తేలుతుంది. డ్రైవరుతో కలిపి కారు 1,050 కిలోలు, గరిమనాభి నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుందాం. భూమ్యాకర్షణతో సమానమైన పక్కబలంతో, అంటే ఒక జీతో, తిరిగితే సుమారు 337 కిలోలు అటు మారతాయి. నిలబడి ఉన్నప్పుడు చెరో 525 కిలోలు మోసిన పక్కల్లో ఒకటి 862కు చేరుతుంది, రెండోది 188కి దిగుతుంది. ఇప్పటి మంచి రోడ్డు టైర్లు ఒక జీని కాస్త దాటనూ దాటుతాయి.

ఇందులో నష్టమేమిటంటే, టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. రెండు బస్తాలను ఇద్దరు కూలీలు చెరొకటి మోస్తే సాగే పని, ఒక్కడి నెత్తినే రెండూ వేస్తే సాగదు. లోపలి టైరు పోగొట్టుకున్న పట్టును బయటి టైరు పూర్తిగా రాబట్టలేదు. ఆటోక్రాస్‌లో కారు ఎత్తు తగ్గించడం, చక్రాల మధ్య వెడల్పు పెంచడం, బరువు దించడం అన్నీ ఈ మార్పిడిని తగ్గించుకోవడానికే. స్ప్రింగులకూ, కారు ఒరగకుండా అడ్డుకునే స్టెబిలైజర్ రాడ్లకూ మాత్రం దీన్ని చెప్పుకోదగ్గంతగా తగ్గించే శక్తి లేదు. ఆ సంగతి చాలామందికి మింగుడుపడదు. కారు పక్కకు ఒరగకపోతే బరువు కూడా కదలలేదనే అనుకుంటారు.

గాలి, సుద్దగీత

టైరులో గాలి ఖర్చులేని సర్దుబాటు. అందుకే అందరూ దాన్ని చులకనగా చూస్తారు. గాలి తక్కువైతే మలుపులో టైరు ఒళ్లు ఒరిగి, పక్కగోడ నేలకు ఒరుసుకుంటుంది. ఎక్కువైతే నడిమి ఉబ్బి అంచులు నేలను సరిగా తాకవు. మొదటి తరం మియాటాకు కంపెనీ చెప్పిన ఒత్తిడి 26 పాయింట్లు. అది సుఖమైన ప్రయాణానికి. ఆటోక్రాస్‌లో వెడల్పాటి, పట్టున్న రోడ్డు టైర్లతో ముప్పై దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుకుంటారు. సర్క్యూట్ రేసుల్లో టైరు వేడిని సూదితో మూడుచోట్ల గుచ్చి కొలుస్తారు. నిమిషం పరుగులో ఆ వేడి నిలకడగా ఉండదు. అందుకే ఇక్కడి వాళ్లది ఇంకా సులువైన పద్ధతి: టైరు అంచు మీద సుద్దతోనో తెల్లటి బూటు పాలిష్‌తోనో గీత గీసి పరుగుకు వెళతారు. తిరిగొచ్చాక గీత ఎంతవరకు చెరిగిందో చూస్తారు. పక్కగోడ మీదికి పాకితే గాలి చాలలేదు, అంచు దాకా రాకపోతే ఎక్కువైంది.

పరుగు పరుగుకూ టైరు వేడెక్కి గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి మధ్యలో కొంచెం వదులుతారు. ఒకే కారును ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపితే టైర్లకు చల్లారే వ్యవధి ఉండదు. అప్పుడు తోటలో మందు కొట్టే చేతిపంపు డబ్బాతో టైర్ల మీద నీళ్లు చల్లడం అక్కడ మామూలు దృశ్యం.

ముందు టైర్లలో ఒక ఒత్తిడి, వెనక టైర్లలో ఇంకో ఒత్తిడి పెట్టి కారు స్వభావాన్నే మార్చవచ్చు. ఇందుకు చరిత్రలో పెద్ద ఉదాహరణ వెనక ఇంజినున్న షెవర్లే కోర్వేర్. దాని తోక విసిరే గుణాన్ని అదుపు చేయడానికి కంపెనీ ముందు 15, వెనక 26 పాయింట్ల గాలి పెట్టమంది. పెట్రోలు బంకులో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? వినియోగదారుల హక్కుల కోసం పోరాడిన రాల్ఫ్ నాడర్ 1965 నాటి తన పుస్తకంలో ఈ కారును దోషిగా నిలబెట్టాడు. 1964 మోడల్‌కు కంపెనీ ముందుభాగంలో స్టెబిలైజర్ రాడ్ చేర్చింది కానీ అప్పటికే ఆలస్యమైంది.

చక్రం వాలు

తలుపులు మూసిన షెడ్డులో నిలబెట్టిన కారు టైరు నిటారుగా ఉంటే చూడటానికి బాగుంటుంది. మలుపులో బండి ఒరిగేసరికి అదే టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. దీనికి విరుగుడుగా చక్రాల పైభాగాన్ని ముందే లోపలికి వాల్చి పెడతారు. అదే నెగటివ్ క్యాంబర్. రోడ్డు కారులో ఇది సాధారణంగా అర డిగ్రీ, ఒక డిగ్రీ మించదు. ఆటోక్రాస్ కారులో ముందు చక్రాలకు రెండున్నర నుంచి మూడు డిగ్రీలు కోరుకుంటారు, వెనక చక్రాలకు కొంచెం తక్కువ. నేరుగా పోయేటప్పుడు లోపలి అంచు ఎక్కువ అరుగుతుంది నిజమే. కానీ ఈ ఆటలో నేరుగా పోయేది ఎంతసేపని?

డబుల్ విష్‌బోన్‌లో పైచేయి పొట్టిగా, కిందచేయి పొడుగ్గా ఉంటుంది కాబట్టి కారు ఒరిగినప్పుడు చక్రం తనంతట తానే కొంత లోపలికి వాలుతుంది. స్విఫ్ట్ లాంటి కార్లలో ముందువైపు ఉండే, పైచేయి లేని మెక్‌ఫర్సన్ స్ట్రట్‌కు ఆ గుణం తక్కువ. ఎత్తు బాగా తగ్గిస్తే ఉన్నది కూడా పోతుంది. కాబట్టి స్ట్రట్ కార్లకు మొదటే ఎక్కువ క్యాంబర్ కావాలి. మియాటాలో నాలుగు మూలలా వంకర బోల్టులున్నాయి. వాటిని తిప్పి క్యాంబర్ మార్చవచ్చు. ముందు చక్రాల దగ్గర అదే బోల్టులు క్యాస్టర్‌ను, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణాన్ని, కూడా శాసిస్తాయి. క్యాస్టర్ కొంత వదులుకుంటే క్యాంబర్ కొంత దక్కుతుంది. కంపెనీ ఇచ్చిన బోల్టులతో వచ్చినంతే తీసుకోవాలి తప్ప క్యాంబర్ కోసం కొత్త భాగాలు వేయకూడదని, కారును చాలావరకు కంపెనీ రూపంలోనే ఉంచాల్సిన స్ట్రీట్ తరగతి నియమం. అందువల్ల ఆ తరగతిలో పావు డిగ్రీ కోసం కూడా అలైన్‌మెంట్ షెడ్డులో పూట గడిచిపోతుంది.

టో విషయం చిన్నది, ప్రభావం పెద్దది. ముందు చక్రాలు రవ్వంత బయటికి చూస్తే, రెండూ కలిపి మూడు మిల్లీమీటర్ల వరకు, స్టీరింగు తిప్పగానే ముక్కు చురుగ్గా తిరుగుతుంది. వెనక చక్రాలు మాత్రం రవ్వంత లోపలికే చూడాలి. అవి బయటికి చూసిన కారు కోన్ల మధ్య తోక విసురుతుంది.

రాడ్ చేసే పంపకం

ఎడమ కుడి చక్రాలను కలుపుతూ కారు కింద అడ్డంగా ఉండే వంగిన ఉక్కు రాడ్‌ను మెకానిక్‌లు స్టెబిలైజర్ రాడ్ అంటారు. కారు ఒరిగితే ఇది మెలితిరిగి అడ్డుకుంటుంది. దాని బిగువు వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 19 మిల్లీమీటర్ల రాడ్ తీసి 24 వేస్తే చూపుకు చిటికెనవేలంత తేడా కూడా ఉండదు, బిగువు మాత్రం రెండున్నర రెట్లు అవుతుంది.

మలుపులో పక్కకు పోయే ఆ 337 కిలోలలో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అని తేల్చేది ఈ రాడ్లూ స్ప్రింగులే. బిగువైన వైపు ఎక్కువ వాటా మోస్తుంది, ఎక్కువ పట్టు పోగొట్టుకుంటుంది. ముందు బిగిస్తే ముక్కు తిరగనని మొండికేస్తుంది, అది అండర్‌స్టీర్. వెనక బిగిస్తే తోక జారుతుంది, అది ఓవర్‌స్టీర్. సిద్ధాంతం ఇంత సూటిగా ఉంటే, స్ట్రీట్ తరగతి మియాటాలు చాలావాటికి ముందువైపే లావాటి రాడ్ ఎందుకు వేస్తారన్నది కొత్తగా వచ్చినవారిని తికమక పెట్టే ప్రశ్న.

జవాబు రెండు ముక్కల్లో ఉంది. క్యాంబర్ కావలసినంత దొరకని తరగతి అది. ముందు రాడ్ కారు ఒరగడాన్ని తగ్గిస్తుంది కాబట్టి బయటి ముందు టైరు నేలకు సమంగా ఆనుతుంది. వాటా ఎక్కువ మోసి పోగొట్టుకున్న దానిలో కొంత అలా తిరిగి వస్తుంది. రెండోది మలుపు దాటి బయటపడే క్షణానికి సంబంధించినది. ముందు ఇరుసు బరువు మార్పిడిని తన మీద వేసుకుంటే వెనక లోపలి చక్రం మీద బరువు నిలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ చక్రం ఊరికే తిరిగి పొగ లేపకుండా కారును ముందుకు తోస్తుంది. బలమంతా ఊరికే తిరిగే చక్రానికే పోకుండా చూసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ లేని కారులో ఈ రెండో లాభమే పెద్దది. ముందు చక్రాలతో నడిచే కార్లలో అంతా తారుమారు: వెనక రాడ్ బిగిస్తారు, మలుపులో లోపలి వెనక చక్రం కుక్క కాలెత్తినట్టు గాలిలోకి లేస్తుంది. చూసేవాళ్లు భయపడతారు. కారుకు మాత్రం అదే హాయి.

స్ప్రింగుల ఎంపికలో ఎక్కువమంది బోల్తాపడేది సంఖ్యల దగ్గర. స్ప్రింగు మీద రాసిన బిగువు చక్రానికి అలాగే అందదు. చేయి మధ్యలో కూర్చున్న స్ప్రింగు చక్రం కదిలినదాంట్లో కొంతే కదులుతుంది. ఆ నిష్పత్తి 0.7 అనుకుంటే దాని వర్గం 0.49, అంటే రాసిన బిగువులో సగమే చక్రం దగ్గర పనిచేస్తుంది. స్ప్రింగులు మార్చుకోనిచ్చే తరగతుల్లో మియాటాలకు ముందు అంగుళానికి 700 పౌండ్లు, వెనక 400 పౌండ్ల జత బాగా వాడుకలో ఉంది. పై లెక్కన ముందు చక్రం దగ్గర అది మిల్లీమీటరుకు సుమారు 60 న్యూటన్లు. ఆ మూల 230 కిలోలు మోస్తుంటే సెకనుకు రెండున్నర ఊపులు. మామూలు రోడ్డు కారు ఒకటి, ఒకటిన్నర ఊపుల దగ్గరే ఉంటుంది. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఓలీ చేసిన పరిశోధన ప్రకారం గతుకుల మీద ప్రయాణం సాఫీగా ఉండాలంటే వెనక స్ప్రింగులు ముందువాటికంటే త్వరగా ఊగాలి. కోన్ల మధ్య తిరిగే మియాటా ఆ సలహాను తలకిందులు చేస్తుంది. వెనక సీటే లేని కారులో అక్కడ కూర్చునే పెద్దమనుషుల సుఖం చూడాల్సిన పని లేదు కదా.

కుదుటపడని కారు

స్లాలమ్ అంటే వరుసగా నిలబెట్టిన కోన్లను ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి దాటడం. కోన్ల మధ్య 18 మీటర్లుండి, కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక్కో కోనుకు సెకను కంటే కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. ఆ సెకనులో బరువు ఒక పక్క నుంచి రెండో పక్కకు పోవాలి, అక్కడ ఆనాలి, మళ్లీ తిరుగుముఖం పట్టాలి. సర్క్యూట్‌లో పొడవాటి మలుపు దొరికితే కారు ఒక భంగిమలో కుదురుకుంటుంది. అప్పుడు స్ప్రింగులూ రాడ్లూ చెప్పిందే వేదం. ఆటోక్రాస్‌లో కారు కుదురుకునేలోపే దిశ మారిపోతుంది. ఇక్కడ షాక్ అబ్జార్బర్‌దే పెత్తనం.

స్ప్రింగు ఎంత నొక్కుకుపోయిందో దాన్ని బట్టి తోస్తుంది. షాక్ అబ్జార్బర్ ఎంత వేగంగా నొక్కుకుపోతోందో దాన్ని బట్టి అడ్డుపడుతుంది. కదలిక ఆగితే దాని బలం సున్నా. మలుపులో చివరికి ఎంత బరువు మారాలో అది నిర్ణయించదు, ఆ బరువు టైరు మీదికి ఎంత త్వరగా చేరాలో నిర్ణయిస్తుంది. లోపల పిస్టన్ నెమ్మదిగా కదిలేది కారు ఒరిగేటప్పుడు, బ్రేకుకు ముక్కు వంచేటప్పుడు. వేగంగా కదిలేది గతుకు తగిలినప్పుడు. మంచి షాక్ అబ్జార్బర్ మొదటిదానికి గట్టిగానూ రెండోదానికి మెత్తగానూ ఉంటుంది. చవకరకంలో ఈ తేడా ఉండదు. ఒరగకుండా బిగించినకొద్దీ కాంక్రీటు పలకల అతుకుల మీద టైర్లు ఎగిరెగిరి పడతాయి.

సర్దుబాటు మరలు రెండు రకాలు: నొక్కుకునేటప్పటి బంప్, తిరిగి సాగేటప్పటి రీబౌండ్. స్ట్రీట్ తరగతిలో బయటి నుంచి తిప్పే మరలు రెండింటికి మించకూడదు, మామూలుగా ఆ రెండూ ఇవే. బ్రేకు వేసి మలుపులోకి దూరేటప్పుడు ముందు షాక్ అబ్జార్బర్లు నొక్కుకుంటాయి, వెనకవి సాగుతాయి. బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు దీనికి ఎదురు. కాబట్టి ప్రవేశంలో వచ్చిన జబ్బుకు ముందు బంప్‌లోనో వెనక రీబౌండ్‌లోనో మందు వెతకాలి, నిష్క్రమణలో వచ్చినదానికి వెనక బంప్‌లోనో ముందు రీబౌండ్‌లోనో. స్లాలమ్ మూడో కోను దగ్గర తోక చేయి దాటిపోతుంటే వెనక రీబౌండ్ రెండు క్లిక్కులు వదలడం తొలి ప్రయత్నం.

రీబౌండ్ మరీ బిగిస్తే ఇంకో తంటా ఉంది. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేలోపే ఇంకో గతుకు వస్తుంది, కారు మెట్టుమెట్టుగా కిందికి కుంగిపోతుంది, చక్రాలు నేలను వెంబడించలేవు. అలాంటి కారు డ్రైవరు చేతికి ఎంతో చురుగ్గా, రేసు కారులా అనిపిస్తుంది. గడియారం మాత్రం దాన్ని నెమ్మదిగానే చూపిస్తుంది. ఈ ఆటలో డబ్బు ఎక్కువ తగలబడేది ఆ భ్రమలోనే.

ఎత్తు, మూలల బరువు

కారు ఎత్తు తగ్గిస్తే గరిమనాభి దిగుతుంది. దానికీ ఒక హద్దుంది. షాక్ అబ్జార్బర్ కడ్డీ మీద ఉండే రబ్బరు అడ్డు, బంప్‌స్టాప్, మలుపు మధ్యలో తగిలిందంటే ఆ మూల బిగువు ఒక్కసారిగా ఎన్నోరెట్లు పెరుగుతుంది. ముందు తగిలితే కారు నేరుగా దూసుకుపోతుంది, వెనక తగిలితే చప్పున తిరగబడుతుంది. అంతవరకు బుద్ధిగా ఉన్న కారు ఒక్క మలుపులోనే పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తే మొదట అనుమానించాల్సింది ఈ రబ్బరు ముక్కనే. కడ్డీకి ఒక ప్లాస్టిక్ తాడు బిగించి పరుగెత్తితే అది ఎక్కడిదాకా జరిగిందో చూసి సంగతి కనిపెట్టవచ్చు.

ఎత్తు మార్చుకునే స్ప్రింగు-షాక్ జతలు, కాయిల్‌ఓవర్లు, ఉన్నచోట నాలుగు తూకపు పలకల మీద కారును నిలబెట్టి మూలల బరువు సరిచూస్తారు. డ్రైవరు సీట్లో కూర్చోవాలి, లేదా అతని బరువంత ఇసుకబస్తాలు పెట్టాలి. ముందు కుడి, వెనక ఎడమ చక్రాల మొత్తం కారు బరువులో సగమైతే ఎడమ మలుపుకూ కుడి మలుపుకూ కారు ఒకేలా స్పందిస్తుంది. కుక్కిమంచానికి ఒక కోడు పొట్టిదైతే ఎదురుమూల కూడా తేలిపోతుంది. ఒక మూల ఎత్తు మారిస్తే నాలుగు తూకాలూ మారేది అందుకే. పాత కార్లలో ఇదంతా చేసే ముందు సస్పెన్షన్ చేతుల కీళ్లలోని రబ్బరు బుష్షులు చూసుకోవాలి. ముప్పై ఏళ్ల రబ్బరు పగిలిపోయి ఉంటే, అలైన్‌మెంట్ కాగితం మీద ఉన్న అంకెలు మొదటి మలుపు వరకే నిజం.

ఒక పరుగు, ఒక మార్పు

గాలి, అలైన్‌మెంట్, రాడ్, షాక్ అబ్జార్బర్, స్ప్రింగు అన్న వరుసలో ముందుకు పోవడం చవకైన దారి. ఒక పరుగుకు ఒక మార్పే చేయాలి. రెండు కలిపి మారిస్తే, సమయం తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు. నోటుపుస్తకంలో నేల వేడి, టైరు గాలి, క్లిక్కుల సంఖ్య, వచ్చిన సమయం రాసి పెడతారు. ఎటూ తేలకపోతే మొదలుపెట్టిన అంకెలకు తిరిగి వెళ్లి మళ్లీ ఒక పరుగు తీస్తారు. మార్పు వల్ల వచ్చిన లాభమా, దారి డ్రైవరుకు కంఠతా రావడం వల్ల వచ్చిన లాభమా అన్నది అలా విడదీస్తారు.

ఈ విద్య మన ఇంజినీరింగ్ విద్యార్థులకూ దగ్గరిదే. విద్యార్థులే కారు తయారుచేసి నడిపే ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో ఆటోక్రాస్ ఒక విభాగం. అమెరికాలో మొదలైన ఫార్ములా ఎస్‌ఏఈ నియమాల్లో దానికి 125 మార్కులు. కోయంబత్తూరు దగ్గరి కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్‌కు తెలుగు రాష్ట్రాల కాలేజీ జట్లు కూడా వెళుతుంటాయి. కంపెనీ కారు కొన్న అమెరికన్ మారుస్తున్న అంకెలే ఈ పిల్లలు కాగితం మీద మొదటి నుంచీ వేసుకోవాలి: గరిమనాభి ఎక్కడ, స్ప్రింగు నిష్పత్తి ఎంత, ముందు ఇరుసు వాటా ఎంత.

లింకన్‌లో ఒక్కో డ్రైవరుకు రోజుకు ఒక దారి మీద మూడు పరుగులు, రెండు రోజులకు రెండు దారులు. ఒక్కో దారిలో వచ్చిన మంచి సమయాలు రెండూ కూడితే ఫలితం. పరుగుకూ పరుగుకూ మధ్య దొరికే కొద్ది నిమిషాల్లో గాలి వదలడానికి, రెండు క్లిక్కులు తిప్పడానికి మాత్రమే వ్యవధి ఉంటుంది. క్యాంబర్, రాడ్, స్ప్రింగు సంగతి ఇంటి దగ్గరే తేల్చుకుని రావాలి.